గుర్రాలెక్కువైన పడవ

మన తీరంలో చిన్న ఇంజన్ బోటుకి జబ్బు చేస్తే వైద్యులకు కొదవ లేదు. రేవులో చుట్ట కాలుస్తూ కూర్చున్న పదిమందీ ఘనవైద్యులే, పదిమంది దగ్గరా ఉన్నది ఒకటే మందు. ముక్కు ఎగిరెగిరి పడుతోందా? ఇంజన్ చాలడం లేదు. కుడికి లాగుతోందా? ఇంజన్ చాలడం లేదు. మలుపులో కీచుమని అరిచి బోటు చతికిలబడుతోందా? ముందే చెప్పాం కదా, చాలడం లేదని. పాతిక హెచ్‌పీ తీసి పారేసి నలభై వేయించు. ఈ మాట ఇంజన్ అమ్మేవాడు కూడా కాదనడు. పాపం, కొనేవాడి మనసు నొప్పించడం ఆయనకు చేతకాదు.

గుర్రాల మీద మనకున్న భక్తి అలాంటిది. ఒక్కటే చిక్కు. బండికి గుర్రాన్ని ముందు కడతారు, పడవకు వెనక వేలాడదీస్తారు. నలభై హెచ్‌పీ ఫోర్ స్ట్రోక్ ఇంజన్ బరువు ఇంచుమించు 100 కిలోలు. దాని పక్కనే పెట్రోలు ట్యాంకు, బ్యాటరీ, ఐసుపెట్టె, హ్యాండిల్ పట్టుకున్న యజమాని, హ్యాండిల్ ఎలా పట్టుకోవాలో చెప్పే యజమాని బావమరిది. అందరూ వెనకే. ముందు భాగంలో ఎవరూ లేరు, గాలి తప్ప. ఆ బోటు థ్రాటిల్ ఇవ్వగానే ముక్కు లేపుతుంది, దించుతుంది, మళ్ళీ లేపుతుంది. చూసేవాళ్ళకి అది దారిపొడుగునా సలాములు కొడుతున్నట్టే ఉంటుంది.

దానికి మందు ట్యాంకుని నాలుగడుగులు ముందుకు జరపడం. బావమరిదిని కూడా. అప్పటికీ తగ్గకపోతే ఇంజన్ బ్రాకెట్‌లో నాలుగయిదు రంధ్రాలుంటాయి, వాటిలో ఒక కడ్డీ ఉంటుంది. దాన్ని ఒక రంధ్రం లోపలికి మార్చి ఇంజన్ కాలిని బోటు వైపు కాస్త దగ్గరికి తేవాలి. మరీ లోపలికి తెస్తే ముక్కు నీళ్ళలో దూర్చి దున్నుకుంటూ పోతుంది, అప్పుడు చేతిలో హ్యాండిల్ ఉన్నా దారి ముక్కుదే. కాబట్టి ఒక్కో రంధ్రమే మార్చి, ప్రతిసారీ నడిపి చూడాలి. ఇందులో పైసా ఖర్చు లేదు. అందుకే ఎవరూ నమ్మరు. “బాబాయ్, ఆ ట్యాంకు ఒకసారి ముందుకి తోసి చూడు” అన్న కుర్రాడికి వచ్చే జవాబు తెలిసిందే: “నువ్వు పుట్టకముందు నుంచీ ఏట్లో తిరుగుతున్నానురా!”

లెక్క కూడా ఈ భక్తికి అడ్డొస్తుంది. నీళ్ళ మీదికి లేవలేనంత బరువు మోసే పడవకి, నీటిగీత పొడవు 16 అడుగులైతే, వేగం 5.4 నాట్ల దగ్గర, అంటే గంటకు పది కిలోమీటర్ల దగ్గర ఇక చాలంటుంది. ఆపైన ఎన్ని గుర్రాలు కట్టినా ముక్కు ఆకాశం చూస్తుంది, వెనక నురగ లేస్తుంది, పెట్రోలు బంకువాడు పిల్ల పెళ్ళి చేస్తాడు. ఇంజన్‌ని పడవ వెనక తగిలించే వ్యాపారానికి ఊపు తెచ్చిన ఓలే ఎవిన్‌రూడ్ 1909లో అమెరికాలోని విస్కాన్సిన్‌లో అమ్మకానికి పెట్టింది ఒకటిన్నర గుర్రాల ఇంజన్. కాబోయే భార్యకు ఐస్‌క్రీమ్ తేవడానికి తెడ్డేసుకుంటూ వెళ్ళొస్తే అది దారిలోనే కరిగిపోయిందట, ఆ ఉక్రోషంలో పుట్టిన ఆలోచన అంటారు. ఆయన మన రేవుకి వచ్చి ఉంటే, ముందు ఐస్‌క్రీమ్ పెట్టె పెద్దది కొనమనేవాళ్ళు.

ఇక మలుపులో కీచుమనడం. ఇంజన్ కాలి చివర తిరిగే ఫ్యాను నీళ్ళకు బదులు గాలి మింగుతోందని అర్థం. ఇంజన్ కాలికి, ఫ్యానుకు కొంచెం పైన, అడ్డంగా ఒక పలక ఉంటుంది. అది బోటు అడుగు మట్టానికి సమంగానో, పిసరంత పైనో ఉండాలి. దానికి తగ్గట్టే ఇంజన్ కాళ్ళు కూడా 15 అంగుళాలకొకటి, 20 అంగుళాలకొకటి విడిగా చేస్తారు. మనవాళ్ళు కొలిచేది ధర. పొట్టికాలు ఇంజన్ చవగ్గా దొరికితే బోటు వెనక ఉన్న ఎత్తు చెక్కకు బిగిస్తారు, గాలి మింగుతుంది. పొడుగుకాలిది దొరికితే పొట్టి చెక్కకు బిగిస్తారు, నీళ్ళను ఈడ్చుకుంటూ నడుస్తుంది. రెండు సందర్భాల్లోనూ తిట్లు తినేది ఇంజన్ కంపెనీ. ఒక టేపు కొనుక్కోవచ్చు. కానీ టేపుకి హెచ్‌పీ ఉండదు కదా.

ఫ్యాను మాటకొస్తే, ఇంగ్లండులో చార్లెస్ పార్సన్స్ అనే ఇంజనీరు 1894లో టర్బీనియా అనే ఆవిరి పడవ కట్టాడు. వేగం రాలేదు. ఫ్యాను చుట్టూ నీరు ఆవిరి బుడగలై పట్టు తప్పుతోందని అనుమానించి, గాజు కిటికీ పెట్టిన చిన్న తొట్టిలో బుల్లి ఫ్యాన్లు తిప్పి కళ్ళారా చూశాడు. తర్వాత శక్తినంతా ఒకే ఇరుసు మీద మోపకుండా మూడింటికి పంచి, ఒక్కోదానికి మూడేసి ఫ్యాన్లు తగిలించాడు. 1897 జూన్‌లో విక్టోరియా రాణి నౌకాదళ ప్రదర్శనలో ఆ పడవ 34 నాట్ల వేగంతో యుద్ధనౌకల మధ్య నుంచి దూసుకుపోతుంటే పట్టుకోగల పడవ అక్కడ లేకపోయింది. అంత పెద్దమనిషి వంగి ఫ్యాను కేసి చూశాడు. మనకు నడుము నొప్పి.

చూస్తే తెలిసేవి చాలా ఉన్నాయి. రెక్క అంచు రాయి తగిలి వంగిందా, లోపలి రబ్బరు హబ్ జారుతోందా? ఇంజన్ రంకెలేస్తుంది, బోటు కదలదు, మనం కార్బొరేటర్ విప్పుతాం. హబ్ మీదుగా బయటి అంచుదాకా పెయింటుతో ఒక గీత గీసి, నడిపి వచ్చి చూస్తే సరి. గీత రెండు ముక్కలైతే దొంగ దొరికినట్టే.

అసలు దొంగ మాత్రం బోటు కడుపులో ఉంటాడు. అడుగు చెక్క కింద చేరిన నీళ్ళు ఎవరికీ కనపడవు. ఒక బిందె నీళ్ళు ఒకచోట కుదురుగా ఉంటే అది ఉట్టి బరువే. అదే నీరు అడుగంతా పరుచుకుంటే, బోటు ఎటు ఒరిగితే అటే పరిగెత్తి ఇంకొంచెం ఒరగబెడుతుంది. ఫైబర్ లోపల కుక్కిన ఫోమ్ ఏళ్ళ తరబడి నీళ్ళు పీల్చుకుంటే తోడి పోయడానికి కూడా వీలుండదు. పోయినేడాది చక్కగా నడిచిన బోటు ఈ ఏడు బరువెక్కి, సోమరిగా, అటూ ఇటూ ఊగుతుంటే తూకం వేయించాలి. మనం వేయించేది నిమ్మకాయల దండ. ఆ దండతోనే బోల్తా పడితే కారణం ఎలాగూ సిద్ధంగా ఉంటుంది, అకస్మాత్తుగా వీచిన గాలి అని. గాలి వాంగ్మూలం ఇవ్వడానికి రాదు.

కుడికి లాగడం సంగతి. చాలా ఇంజన్లకు ఫ్యాను పైన ఉండే ఆ అడ్డపలక కిందే చిన్న రెక్క ఒకటి బోల్టుతో బిగించి ఉంటుంది. బోటు కుడికి లాగితే దాని వెనక అంచుని కాస్త కుడికి తిప్పాలి, ఎడమకైతే ఎడమకి. రెండు నిమిషాల పని. మనవాడు అది చేయడు, మోచేత్తో హ్యాండిల్ నొక్కిపట్టి నడుపుతాడు. చెయ్యి జారిన రోజున బోటు ఎటు లాగితే అటు గిర్రున తిరుగుతుంది. ఆ విసురుకి నీళ్ళలో పడ్డ మనిషి చుట్టూనే తిరుగుతుంది, ఫ్యాను ఆడుతూనే ఉంటుంది.

2013 మే 5న ఇంగ్లండులోని ప్యాడ్‌స్టో దగ్గర నదీముఖంలో ఒక కుటుంబం వేగంగా మలుపు తిప్పితే బోటు పట్టు తప్పి ఆరుగురినీ నీళ్ళలోకి విసిరేసింది. మనిషి లేని బోటు చుట్లు తిరిగి వాళ్ళనే తొక్కింది. తండ్రి, ఎనిమిదేళ్ళ కూతురు పోయారు. నడిపేవాళ్ళ ఒంటికి తగిలించుకోవాల్సిన తాడు ఎవరికీ తగిలించి లేదని దర్యాప్తు తేల్చింది. మనిషి పడితే క్లిప్పు ఊడి ఇంజన్ ఆగడానికి పెట్టే తాడు అది. అమెరికాలో 2021 ఏప్రిల్ 1 నుంచి 26 అడుగుల లోపు బోట్లలో ఆ ఏర్పాటు ఉంటే, వేగంగా నడిపేటప్పుడు వాడి తీరాలని చట్టం.

మన దగ్గరా కొత్త ఇంజన్‌తో ఆ తాడు వస్తుంది. క్లిప్పు స్విచ్చికి, తాడు చుట్ట చుట్టి ఇంజన్ మూతకి. ఒంటికి కట్టుకోవేమయ్యా అంటే, “వల లాగడానికి లేచినప్పుడల్లా ఇంజన్ ఆగిపోతోందండీ!” అంటాడు. ఆగడానికే పెట్టారు నాయనా దాన్ని.