చుట్టపుచూపు అన్నగారు

మా రోజుల్లో అతిథి పాత్ర అతిథిలాగే ఉండేది. వచ్చేవాడు, కూర్చునేవాడు, నాలుగు మాటలాడి లేచి వెళ్లిపోయేవాడు. ఉండమని మనం మనసులో బతిమాలుకున్నా ఉండేవాడు కాదు.

గ్రనాడా టెలివిజన్ వాళ్లు 1984 నుంచి 1994 దాకా తీసిన షెర్లాక్ హోమ్స్ సంగతే తీసుకోండి. హోమ్స్‌గా జెరెమీ బ్రెట్. హోమ్స్‌కంటే ఏడేళ్లు పెద్దవాడైన అన్న మైక్రాఫ్ట్‌గా చార్లెస్ గ్రే. 1971లో జేమ్స్ బాండ్‌ని ముప్పుతిప్పలు పెట్టిన బ్లోఫెల్డ్ ఈయనే. మొత్తం 41 భాగాల్లో ఆయన కనిపించేది నాలుగంటే నాలుగింటిలో. 1985లో ఒకసారి, 1988లో ఒకసారి, ఆ తర్వాత ఆరేళ్లు అయిపూ అజా లేదు.

అయినా మరిచిపోయామా? డయోజెనీస్ క్లబ్బులో, కిటికీ దగ్గర అన్నదమ్ములిద్దరూ చేరి, వీధిలో పోయేవాణ్ణి చూసి వాడి పుట్టుపూర్వోత్తరాలు చెప్పే ఘట్టం ఉంది. పాత సిపాయి అంటాడొకడు, భార్య పోయింది అంటాడొకడు. తమ్ముడు తడబడ్డ చోట అన్న సవరిస్తాడు. గ్రే అక్కడ గొంతు పెంచడు. ఈ మనిషి తమ్ముడికన్నా తెలివైనవాడు, కాకపోతే కుర్చీ వదలడానికి బద్ధకం అన్నది ఆ కూర్చున్న తీరులోనే తెలిసిపోతుంది.

ఇప్పుడో! 2010లో బీబీసీ వాళ్ల షెర్లాక్ మొదలైతే, మొదటి భాగంలోనే గొడుగుతో అన్నగారు ప్రత్యక్షం. ఇక కదిలితే ఒట్టు. వేషం కట్టిన మార్క్ గాటిస్ మంచి నటుడే, కాదనను. కానీ స్టీవెన్ మాఫట్‌తో కలిసి ఆ సీరియల్‌ని సృష్టించిందీ ఆయనే. ఇంటి యజమానే చుట్టం వేషం వేస్తే పొమ్మనేదెవరు? పైగా అమ్మానాన్నలొచ్చారు, 2017కి ఎక్కడో దాచిపెట్టిన చెల్లెలు కూడా దిగింది. కానన్ డాయిల్ మాత్రం మైక్రాఫ్ట్ చేత నోరు విప్పించింది రెండు కథల్లోనే.

గ్రనాడా వాళ్లకీ ఒకసారి అవసరం తోసుకొచ్చింది. 1994లో వాట్సన్ వేసే ఎడ్వర్డ్ హార్డ్‌విక్ సినిమా పనిలో ఉంటే, ఒక భాగంలో ఆ చోటు మైక్రాఫ్ట్‌కిచ్చారు. ఆ ఏడే బ్రెట్‌కి జబ్బు ముదిరితే, మజారిన్ రాయి కేసు మొత్తం అన్నగారి నెత్తినే పెట్టారు. ఆ భాగం నాకు నచ్చదు. కుర్చీ దిగని మనిషిని లండన్ అంతా తిప్పడమేమిటి? అయితే హోమ్స్ లేని హోమ్స్ కథని మోయడానికి దొరికినవాడు, అంతకుముందు పదేళ్లలో రెండుసార్లే వచ్చివెళ్లినవాడు. అదీ గ్రే చలవ.

మా మనవణ్ణి కూర్చోబెట్టి ఆ నాలుగూ చూపించాను. శ్రద్ధగానే చూశాడు. “భలే ఉన్నాడు తాతయ్యా, ఈయన మీదే వేరే సిరీస్ తీయాల్సింది, ఎనిమిది సీజన్లు!” అన్నాడు.