ఒక వీల్ సిలిండర్ ఆత్మకథ

ఈ ఆత్మకథ చెప్పుకుంటున్నది ఒక చిన్న కారు వెనక ఎడమ చక్రపు డ్రమ్ము లోపల, బ్యాక్ ప్లేటుకు బోల్టులతో బిగించి ఉన్న వీల్ సిలిండర్. పోత ఇనుముతో చేసిన పొట్టి గొట్టం, అందులో చెరో దిక్కుకు జరిగే రెండు పిస్టన్లు, వాటి నడుమ ఒక స్ప్రింగు, ఒక్కో పిస్టన్ వెనక మెకానిక్కులు బకెట్ వాషర్ అని పిలిచే గిన్నె ఆకారపు రబ్బరు బిళ్ల, రెండు కొసలనూ మూసే డస్ట్ కవర్లు: దాని దేహమంతా ఇంతే. డ్రైవరు పెడల్ తొక్కగానే బానెట్ కింద ఉన్న మాస్టర్ సిలిండర్ బ్రేక్ ఆయిల్‌ను నొక్కుతుంది. మూసి ఉన్న ద్రవం మీద పెట్టిన ఒత్తిడి తగ్గకుండా అన్ని వైపులకూ వ్యాపిస్తుందని 17వ శతాబ్దంలో బ్లేజ్ పాస్కల్ చెప్పిన సూత్రం ప్రకారం ఆ నొక్కుడు పైపుల వెంట ఇక్కడి దాకా వచ్చి పిస్టన్లను బయటికి తోస్తే, అవి బ్రేక్ షూలను డ్రమ్ము గోడకు అదుముతాయి. 1921లో అమెరికాలో డ్యూసెన్‌బర్గ్ మోడల్ ఏ కారు నాలుగు చక్రాలకూ హైడ్రాలిక్ బ్రేకులతో వచ్చిన నాటి నుంచి ఈ ఏర్పాటులో ఎన్నో మెరుగులు వచ్చినా మూలసూత్రం మాత్రం మారలేదు.

ఈ సిలిండర్‌కు వచ్చిన జబ్బు రబ్బరులో పుట్టలేదు, నూనెలో పుట్టింది. మామూలు కార్లలో వాడే డాట్ 3, డాట్ 4 బ్రేక్ ఆయిళ్లు గ్లైకాల్ ఈథర్ల జాతికి చెందినవి, గాలిలోని తేమను పీల్చుకోవడం వాటి స్వభావం. డాట్ 3 నూనె కొత్తగా ఉన్నప్పుడు కనీసం 205 డిగ్రీల సెల్సియస్ దాకా మరగకూడదని ప్రమాణం చెబుతుండగా, అందులో 3.7 శాతం నీరు చేరినప్పటికి ఆ కనీస హద్దు 140కి దిగిపోతుంది. అంతకన్నా నిదానంగా జరిగే కీడు తుప్పు. ఇంజన్ ఆయిల్‌లా బ్రేక్ ఆయిల్ బండి అంతా తిరిగి రాదు, పైపు చివరికి చేరింది అక్కడే ఉండిపోతుంది. అందువల్ల ఏళ్ల తరబడి నూనె మార్చని కారులో తేమ పట్టిన నూనె సిలిండర్ లోగోడను గుంటలు గుంటలుగా తినేస్తుంది. పెడల్ తొక్కినప్పుడల్లా ఆ గరుకు గోడ మీద రాసుకుపోయే బకెట్ వాషర్ అంచు క్రమంగా చిట్లుతుంది. ఒత్తిడి ఉన్నంతసేపు ఆ అంచు విచ్చుకుని గోడకు అంటుకుంటుంది కాబట్టి బ్రేకు తొక్కినప్పుడు కనబడని కారడం, కారు నిలిపి ఉంచిన రాత్రి పూట చెమ్మలా మొదలవుతుంది.

బ్రేక్ ఆయిల్ ఖర్చయ్యే సరుకు కాదన్న సంగతి చాలామంది యజమానులకు తెలియకపోవడమే ఈ జబ్బు ముదరడానికి ముఖ్య కారణం. మాస్టర్ సిలిండర్‌కు నూనె అందించే డబ్బాలో మట్టం పడిపోవడానికి రెండే కారణాలు ఉంటాయి: బ్రేక్ ప్యాడ్లు అరిగేకొద్దీ పిస్టన్లు ముందుకు జరిగి ఆ ఖాళీలో నూనె నిలవడం ఒకటి, ఎక్కడో కారడం రెండోది. మొదటిదైతే మట్టం నెలల మీద కొద్దిగా తగ్గుతుంది. మళ్లీ మళ్లీ తగ్గుతూ డ్యాష్‌బోర్డు మీద ఎర్ర దీపం వెలుగుతుంటే, కారణం వెతకకుండా నూనె పోసి పంపడం రోగాన్ని దాచిపెట్టడమే అవుతుంది.

వెతకడానికి ఒక వరుస ఉంది. మాస్టర్ సిలిండర్ చుట్టూ, అది బూస్టర్‌ను కలిసే చోట, ముందు చక్రాల రబ్బరు హోజుల మీద, పైపుల వెంట చూసుకుంటూ రావాలి. తీరప్రాంతపు ఉప్పుగాలిలో తిరిగే బండ్లకు ఉక్కు పైపులు పైనుంచి తుప్పు పట్టి చిల్లులు పడతాయి కనుక అక్కడ మరింత జాగ్రత్త అవసరం. డబ్బాలో మట్టం తగ్గకుండానే, తొక్కి పట్టిన పెడల్ మెల్లగా కిందికి దిగుతుంటే అనుమానించవలసింది మాస్టర్ సిలిండర్ లోపలి వాషర్లను. టైరు లోపలి వైపు తడి మరకలు ఉంటే మాత్రం చక్రం విప్పక తప్పదు.

ఈ సిలిండర్ విషయంలో జరిగిందీ అదే. డ్రమ్ము ఊడదీయగా షూల మీద పొడిగా రాలవలసిన లైనింగ్ ధూళి నల్లటి ముద్దయి కనిపించింది. డస్ట్ కవర్ అంచును చిన్న స్క్రూడ్రైవరుతో ఎత్తగానే దాని మడతలో నిలిచిన గోధుమ రంగు ద్రవం ఒక్కసారిగా బ్యాక్ ప్లేటు మీదికి జారింది. వేళ్లకు జారుడుగా తగిలి, నీళ్లతో ఇట్టే కడుక్కుపోయే ఆ ద్రవం ఇరుసు నుంచి కారిన గ్రీజు గానీ ఆయిల్ గానీ కాదని తేలడానికి అంతకన్నా నిదర్శనం అక్కరలేదు.

మరమ్మతు దగ్గర మెకానిక్కుల మధ్య ఒక పాత వివాదం ఉంది. వాషర్ కిట్ మార్చి, లోగోడను ఎమరీ కాగితంతో రుద్ది తిరిగి బిగించేవారు చాలామందే. గోడ నునుపుగా ఉన్నప్పుడు అది తప్పు కాదు. కానీ వేలిగోటికి తగిలే గుంట పడిన గోడలో కొత్త వాషర్ కూడా పాత వాషర్ దారినే పోతుంది కాబట్టి, అలాంటి సిలిండర్‌ను పూర్తిగా మార్చడమే న్యాయం. ఈ కథ చెబుతున్న సిలిండర్ తన స్థానం నుంచి దిగిపోయింది కూడా ఆ న్యాయం ప్రకారమే. నూనె తాగిన షూలను కడిగి వాడకూడదు, పైగా ఒక పక్కే మారిస్తే బ్రేకు ఒకవైపుకు లాగుతుంది గనుక రెండు చక్రాల షూలనూ మార్చాలి. పెట్రోలుతో, డీజిలుతో వాషర్లు తుడిచే అలవాటు ప్రమాదకరమైనది: ఈ నూనెకు సరిపడేలా తయారైన రబ్బరు ఖనిజ తైలాలు తగిలితే ఉబ్బి మెత్తబడుతుంది, అలాగే డబ్బాలో పొరపాటున ఇంజన్ ఆయిల్ పోస్తే బండిలోని రబ్బరు సీళ్లన్నీ పాడవుతాయి.

కొత్త సిలిండర్ బిగించాక పైపుల్లో చేరిన గాలిని తీయాలి; నూనెకు భిన్నంగా గాలి నొక్కుడుకు కుదించుకుపోతుంది కనుక అది మిగిలితే పెడల్ స్పాంజిలా మెత్తబడుతుంది. ఒకరు పెడల్ కొన్ని సార్లు కొట్టి తొక్కి పడితే, ఇంకొకరు బ్లీడర్ నిపుల్‌ను కాస్త వదులు చేసి, పెడల్ నేలకు చేరుతుండగానే, అది పైకి లేవకముందే తిరిగి బిగించాలి. నిపుల్‌కు తొడిగిన గొట్టంలో బుడగలు ఆగి శుభ్రమైన నూనె వచ్చేదాకా, డబ్బా ఖాళీ కాకుండా పోస్తూ, ఇదే సాగాలి. ఆ తరవాత ఇంజన్ నడుస్తుండగా పెడల్‌ను గట్టిగా తొక్కి పట్టి కీళ్లన్నీ మళ్లీ చూసుకోవాలి, పెయింటు మీద చిందిన చుక్కలను నీళ్లతో వెంటనే కడగాలి. కుడి చక్రపు సిలిండర్ కూడా అన్నేళ్లుగా అదే నూనెలో నానినదే కనుక, దాని డస్ట్ కవర్‌నూ అదే రోజు ఎత్తి చూశారు. లోపల చెమ్మ కనబడడంతో దాన్నీ మార్చారు.