మోదుగ విస్తరి ఆత్మకథ

నేను ఒక్క ఆకును కాను. ఏడెనిమిది ఆకులు కలిస్తే నేనైనాను. మోదుగ కొమ్మకు ఆకులు ఎప్పుడూ మూడేసి చొప్పున వస్తాయి. ఆ మూడింట్లో నడిమిది పెద్దది, గుండ్రంది. నా మధ్యలో ఉన్నది అటువంటి నడిమాకే. నిర్మల్ దాటి మహబూబ్ ఘాట్ ఎక్కే దారిలో, బండరాళ్ల సందున పెరిగిన చెట్టు మా తల్లి. దాన్ని ఎవరూ నాటలేదు, ఎవరూ నీళ్లు పోయలేదు.

ఫాల్గుణంలో మా తల్లి ఒంటి మీద ఆకన్నది ఉండదు, కొమ్మకొమ్మకూ ఎర్రపూలే. హోళీకి పిల్లలు ఆ పూలు ఏరుకపోయి నీళ్లలో మరగబెట్టి రంగు తీస్తారు. పూలు రాలినంక మేం చిగురిస్తాం. లక్కపురుగు మా కొమ్మల మీద కూడా బతుకుతుంది, మా వేళ్ల నారతో తాళ్లు పేనుతారు. ఒడుగునాడు వటువు చేతికిచ్చే దండం కూడా మోదుగదే. చదువు మొదలయ్యే వేళ మా కొమ్మ పిల్లవాడి చేతిలో ఉండేదంటే, చదువులతల్లి కొలువైన బాసరకు రావడం నాకు ఎంత సంబురమో చెప్పలేను.

ఎండలు ముదిరినంక ఒక పొద్దున ఒక అవ్వ వచ్చింది. కొమ్మ విరవలేదు. లేతాకు జోలికి పోలేదు, పురుగు కొరికినదాన్ని వదిలేసింది, ముదిరిన ఆకును మాత్రం తొడిమ దగ్గర గిల్లింది. ఇంటికి తీసుకపోయి దారానికి గుచ్చి నీడన ఆరబెట్టింది. వంకరపోకుండా పైన రాయి పెట్టింది. కుట్టే రోజు మా మీద నీళ్లు చల్లి, తడిగుడ్డ కప్పి, మెత్తబడేదాకా ఆగింది. ఆ తర్వాత నడిమాకును ఒడిలో పెట్టుకుని, దాని అంచు మీదికి మరో ఆకు అంచు వచ్చేలా చుట్టూ పేర్చుకుంటూ, సన్నగా చీల్చిన వెదురు ఈనెలతో కుట్టుకుంటూ పోయింది. ఈనెను గుచ్చడం, పైకి తేల్చడం, విరవడం, మూడు పనులూ ఒక్క వేలి కదలికలో అయిపోయేవి. పుల్ల కొన పైకి పొడుచుకొస్తే తినేవాళ్ల వేలికి గుచ్చుకుంటుందని ప్రతి కుట్టునూ బొటనవేలితో ఒకసారి తడిమి చూసేది. నా ఒంటిని అంత శ్రద్ధగా తడిమిన చెయ్యి మళ్లీ తగల్లేదు.

మమ్మల్ని కట్టలు కట్టి కార్తీకంలో బాసరకు తెచ్చింది. గుడికి పోయే దారిలో ఒక దుకాణం ముందు నేలమీద గోనె పరిచి పెట్టింది. దుకాణం లోపల వెండిరంగు బఫే ప్లేట్లు దొంతరలుగా ఉన్నాయి. అవి కాగితమే అనుకుంటారు గానీ, చారు కారకుండా ఆపేది కాగితం మీది ప్లాస్టిక్ పొర. ఆ పొర ఉన్నంతవరకు కాగితం కూడా మట్టిలో సరిగా కలవదు. ప్లాస్టిక్ ప్లేట్లు, గ్లాసులు, చెంచాలు, అలంకరణ థర్మోకోల్ వంటివి దేశమంతటా 2022 జూలై 1 నుంచి నిషేధం. క్యారీబ్యాగు కనీసం 120 మైక్రాన్ల మందం ఉండాలని ఆ ఏడాది డిసెంబరు 31 నుంచి నియమం. కాగితం మీద ఈ నియమాలు గట్టివే. ఘాటు మెట్ల మీద కూడా అంత గట్టిగా ఉండాలని నా కోరిక.

శని, ఆదివారాల బాసర వేరు. హైదరాబాద్ నుంచి సుమారు 200 కిలోమీటర్లే కాబట్టి, వారమంతా ఆఫీసుల్లో ఉన్నవాళ్లు రెండు రోజుల సెలవుకు పిల్లలను వెంటబెట్టుకుని వస్తారు. నన్ను కొన్న కుటుంబం మియాపూర్‌ది. శనివారం సాయంత్రం అజంతా ఎక్స్‌ప్రెస్ ఎక్కి రాత్రికి బాసర స్టేషన్‌లో దిగారట. ఆదివారం తెల్లవారకముందే గోదావరి స్నానం, ఆ తర్వాత చిన్నోడికి అక్షరాభ్యాసం. సరస్వతి, లక్ష్మి, కాళి ముగ్గురమ్మల దర్శనం అయినంక, వ్యాసుడు తపస్సు చేశాడని చెప్పే గుహ కూడా చూశారు. వాళ్లతోపాటు మరో రెండు కుటుంబాలు. ఒడ్డుకు దగ్గర్లోనే ఉసిరిచెట్టు ఉన్న ఒక సత్రంలో వనభోజనం పెట్టుకున్నారు.

ఆ ఇల్లాలు దుకాణంలోని బఫే ప్లేట్లను చేత్తో పట్టి చూసి, మళ్లీ అక్కడే పెట్టి, అవ్వ ముందు కూచుంది. "మా నానమ్మ ఇంట్ల ఇందులనే తిన్నం" అని మొగునికి చెప్పింది. అట్లా నేను ఉసిరిచెట్టు కిందికి చేరాను.

నా జీవితంలో చెప్పుకోదగ్గది ఆ ఒక్క పూటే. ముందు నా మీద నీళ్లు చల్లి చేత్తో తుడిచారు. పులిహోర, గారెలు, బెల్లం పరమాన్నం, గుత్తివంకాయ వచ్చాయి. వేడి అన్నం పడగానే నాలోంచి అడవి వాసన లేచింది. చిన్నోడు వంగి విస్తరిని వాసన చూశాడు. పలక మీద అప్పుడే దిద్దిన బియ్యపు పిండి ఇంకా వాడి చూపుడువేలి గోట్లో ఉంది. పప్పుచారు పోసేసరికి అది వాడి వైపు పారింది. వాడు "నానమ్మా, కారుతుంది!" అని లేవబోతే, పక్కన కూచున్న నానమ్మ అన్నం మధ్యలో గుంట చేసి, చుట్టూ గట్టు కట్టి, "చెరువు కట్టినం చూడు" అంది. వాడు ఆ తర్వాత తన గట్టు తానే కట్టుకుని, మూడుసార్లు చారు పోయించుకున్నాడు. మా అంచు మీద చారు నిలవదన్నది నిజం. గిన్నెలా లోతుగా ఉండే వస్తువును కాను. కింద కూచుని, చేత్తో కలుపుకుని, నెమ్మదిగా తినేవాళ్లకు నేను సరిపోతాను. నిలబడి తిరుగుతూ తినే విందుకు కడిగి వాడుకునే స్టీలు పళ్లేలే మేలు.

భోజనాల మధ్య నగరం మాటలు వచ్చాయి. ఆదివారం వస్తే ఎక్కడికి పోవాలన్నది వాళ్లకు పెద్ద చర్చ. 2021లో ట్యాంక్‌బండ్ మీద ఆదివారం సాయంత్రాలు బండ్లు ఆపి జనాన్ని నడవనిచ్చినప్పుడు తాము వెళ్లిన సంగతి ఒకాయన చెప్పాడు. ఇంకొకాయన తన అపార్టుమెంటులో తడి చెత్త, పొడి చెత్త వేరు చేయించడానికి ఎంత తిరిగాడో చెప్పాడు. 2015లో ఇంటింటికీ ఆకుపచ్చ, నీలం బుట్టలు ఇచ్చారట. "రెండు బుట్టలూ ఉన్నయి. ఆదివారం బర్త్‌డే పార్టీ అయిందంటే ప్లేట్లు, అన్నం, కేకు అన్నీ ఒక్క కవర్ల మూటగట్టి పారేస్తరు. అవన్నీ జవహర్‌నగర్ చెత్తగుట్టకే" అన్నాడు. వాళ్ల మాటల్లో విసుగు లేదు, నిజంగా ఏదో ఒకటి చేయాలన్న తపన ఉంది. నగరంలో పచ్చగా బతకాలనుకునేవాళ్లు ఇంతమంది ఉన్నారని నాకు ఆ పూట తెలిసింది.

వాళ్లు సాయంత్రం దీపాలు వదలడానికి రేవుకు పోతే ఏం జరుగుతుందో నేను చెప్పగలను. మా తోడబుట్టిన దొప్పలు ఆ నీళ్లలోకే పోతాయి. మోదుగ దొప్పలో వదిలిన దీపం ఆరినంక తడిసి, మెత్తబడి, కుళ్లి కలిసిపోతుంది. ప్లాస్టిక్ గిన్నెలో వదిలింది ఆరినంక కూడా ప్లాస్టిక్ గిన్నెగానే ఉంటుంది. గోదావరిలో ఎక్కడికో కొట్టుకుపోతుందిలే అనుకుంటారు. బాసర దగ్గర ఆ మాట చెల్లదు. నాసిక్ దగ్గర త్ర్యంబకంలో పుట్టి 1,465 కిలోమీటర్లు నడిచే ఈ నది కందకుర్తి దగ్గర మంజీరను కలుపుకుని తెలంగాణలో అడుగుపెట్టి, వెంటనే బాసరకు వస్తుంది. ఇక్కడికి వచ్చేసరికి అది శ్రీరాంసాగర్ వెనకనీరు. 1963 జూలై 26న నెహ్రూ శంకుస్థాపన చేసిన ఆ ప్రాజెక్టు నిండినప్పుడు ఇక్కడి నీళ్లు నిదానిస్తాయి. పైన మహారాష్ట్రలో బాబ్లీ బ్యారేజీ గేట్లు సుప్రీంకోర్టు 2013 తీర్పు ప్రకారం జూలై 1 నుంచి అక్టోబరు 28 దాకా తెరిచి ఉంటాయి. ఆ తర్వాత మూసేస్తారు. అంటే కార్తీకంలో మనం దీపాలు వదిలే నాటికి పైనుంచి కొత్త నీరు తోసుకురావడం తగ్గిపోతుంది. వదిలింది వదిలినచోటే తిరుగుతుంది. ఆ నీరే కాకతీయ కాలువలో పడి జగిత్యాల, కరీంనగర్, వరంగల్ పొలాలకు పోతుంది. మెట్టు మీద నిలబడి చెయ్యి జారవిడిచిన కవరు ఎవరి నారుమడి వైపు పోతుందో ఒక్కసారి ఆలోచించమని ప్రతి యాత్రికుణ్నీ బతిమాలుకుంటాను.

2015 జూలైలో గోదావరి పుష్కరాలు జరిగిన పన్నెండు రోజులూ ఈ ఒడ్డున ఇసుకేస్తే రాలనంత జనం. మళ్లీ 2027లో వస్తున్నాయి. అన్ని లక్షల మంది తినే విస్తర్లు ఆ ఏడాది వేసవిలో ఏ చెట్టు నుంచి కోయాలో, ఎవరు కుట్టాలో ముందే చూసుకోవాలి. ఆకు రాత్రికి రాత్రి పుట్టదు, అవ్వ వేళ్లు యంత్రాలు కావు. ఇప్పటినుంచే ఊళ్ల ఆడవాళ్లకు ఆర్డర్లు ఇస్తే వాళ్ల ఇళ్లల్లో నాలుగు రూపాయలు, ఒడ్డున శుభ్రం, రెండూ దక్కుతాయి. మేం కొన్నిచోట్ల ఖరీదని అంటారు. ఆ తేడా పనిచేసిన చేతికి పోతుంది కదా.

తిన్నాక చిన్నోడు నన్ను తన వైపు మడిచాడు, నానమ్మ చూపించినట్టే. సత్రం వాళ్లు విస్తర్లను నల్ల కవర్లో కుక్కబోతే ఆ ఇల్లాలు వద్దంది. గాలి ఆడని కవర్లో నేను ఎరువును కాలేను, కుళ్లి కంపు కొడతాను. ఆ కవరు అన్నం వాసనకు పశువు నోట్లోకి పోయిందంటే మరీ ఘోరం, దాని కడుపులోని ప్లాస్టిక్ బయటికి రాదు. వెనక పెరట్లో బంతిమొక్కల పక్కన గుంట ఉంది. మమ్మల్ని చించి అందులో పరిచి, పైన పేడ, మన్ను చల్లారు. నేనిప్పుడు ఇక్కడే ఉన్నాను. వెదురు ఈనెలు ఇంకా గట్టిగానే ఉన్నాయి. ఆకు మాత్రం అంచుల నుంచి నల్లబడి మెత్తనవుతోంది. వానపాములు వచ్చాయి.

గుంటలో పడేముందు విన్న మాటలు కొన్ని ఉన్నాయి. ఆ ఇల్లాలు మళ్లీ అవ్వ దగ్గరికి పోయి ఇంకా రెండు కట్టలు కొనుక్కొచ్చింది. మాఘంలో చిన్నోడి పుట్టినరోజట, అపార్టుమెంటు మేడ మీద అందరినీ చాపల మీద కూచోబెట్టి పెడతానంది. కట్టలు మోసుకుంటూ వెంట వచ్చిన అవ్వ, సత్రం గడప దగ్గర ఆగి చెప్పింది.

"ఇంకా గావాలంటే పది దినాలు ముందుగాల చెప్పు బిడ్డా, కుట్టాలె గదా. ఇంటికి పోయినంక గాలి తగిలే కాడ పెట్టు, కవర్ల పెడితే బూజు పడ్తయి. వడ్డించే ముందట జర నీళ్లు చల్లు, లేకుంటే పగులుతయి."

ఆ ఇల్లాలు తల ఊపి, దుకాణం వాళ్లిచ్చిన కవర్లోంచి కట్టలు తీసి, పలక, పసుపు పొట్లం ఉన్న గుడ్డసంచిలో సర్దుకుంది. ఖాళీ కవరును మడిచి తిరిగి ఇచ్చి రమ్మని చిన్నోణ్ని దుకాణానికి పంపింది.