బొట్టు పెట్టిన మోటారు

దసరాకి మన ఇళ్లలో యంత్రాలకు జరిగే మర్యాద చూస్తే, వాటిని ఇంతగా నెత్తిన పెట్టుకునే జాతి ఇంకోటి లేదనిపిస్తుంది. ఆయుధపూజ నాడు సంపు పక్కన మోటారుకి పసుపు కుంకుమ, బంతిపూల దండ. స్టార్టర్ డబ్బాకి గంధం. గోడెక్కి కూర్చున్న ఏసీకి స్టూలేసుకుని మరీ మూడు బొట్లు. ఆ స్టూలు మీద నిలబడ్డ మనిషే చెయ్యి ఇంకో జానెడు చాపి, ఏసీ మూత ఎత్తి, లోపలి ఫిల్టర్ లాగి కుళాయి కింద పెడితే పది నిమిషాల పని. పూజావిధానంలో ఆ అంశం లేదు. హారతి చూపించి దిగిపోతారు. ఆ హారతి మసి కూడా వెళ్లి ఫిల్టర్‌లోనే కూర్చుంటుంది.

పోనీ ఇంట్లో తెలిసినవాళ్లు లేరా? తెలుగిల్లు ఏదైనా తలుపు తట్టండి, ఒక బీటెక్ వచ్చి తీస్తాడు. థర్మోడైనమిక్స్‌లో బ్యాక్‌లాగ్ లేకుండా గట్టెక్కినవాడే. రిఫ్రిజిరేషన్ సైకిల్ బొమ్మ గీసి, కంప్రెసర్, కండెన్సర్, ఎవాపరేటర్ అని బాణం గుర్తులతో పేర్లు రాసి మార్కులు కొట్టినవాడే. ఏసీ చల్లగా రావట్లేదురా అని అమ్మ అంటే ఫోన్ తీసి మెకానిక్‌ని బుక్ చేస్తాడు. ఇదే అబ్బాయి డాలస్ వెళ్లాక చూడాలి. ఫర్నేస్ ఫిల్టర్ తనే మారుస్తాడు. ఫ్లష్ ట్యాంకు తనే విప్పుతాడు. 2021 ఫిబ్రవరిలో టెక్సస్ గడ్డకట్టి, ఇళ్లలో పైపులు పగిలాక, చలి గాలి వస్తోందంటే చాలు, పెరటి కుళాయికి తొడుగు వేసి, లోపలి ట్యాపు సన్నటి ధారగా వదిలి పడుకుంటున్నాడు. ఆ వీడియో అమ్మకి పంపిస్తాడు కూడా. ఆవిడ అపార్ట్‌మెంటంతా చూపించి మురిసిపోతుంది. నాలుగేళ్ల కాలేజీ నేర్పలేనిది అక్కడి ప్లంబర్ బిల్లు ఒక్కసారికే నేర్పేసింది.

ఇక్కడ మనం బుక్ చేసిన కుర్రాడు వస్తాడు. చెప్పులు బయట విడిచి, ఏసీ ముందు అరచెయ్యి పెట్టి, రెండు క్షణాలు గంభీరంగా ఆగి, ‘గ్యాస్ తగ్గింది సార్’ అంటాడు. కృష్ణా జలాల లెక్కలో రెండు రాష్ట్రాలకీ ఎన్ని పేచీలున్నా ఈ విషయంలో మాత్రం ఇచ్ఛాపురం నుంచి ఆదిలాబాద్ దాకా ఒకటే మాట.

ఏసీలో గ్యాస్ ఖర్చయ్యే సరుకు కాదు. మూసేసిన రాగి గొట్టాల్లో కాసేపు ద్రవంగా, కాసేపు ఆవిరిగా మారుతూ అక్కడక్కడే తిరుగుతుంది. గదిలో వేడి మోసుకెళ్లి బయట దింపి వస్తుంది. అన్నీ సవ్యంగా ఉంటే యంత్రం బతికున్నన్నాళ్లూ అదే సరిపోతుంది. తగ్గిందంటే ఎక్కడో కారుతోందని అర్థం. కారేచోటు పట్టుకోకుండా నింపితే వచ్చే వేసవికి మళ్లీ ఇదే కుర్రాడు, ఇదే అరచెయ్యి. పట్టుకోవడం మరీ బ్రహ్మవిద్యేం కాదు. గొట్టాలు కలిసేచోట ఫ్లేర్ నట్ల మీద సబ్బు నురగ రాస్తే, కారేచోట బుడగలు లేస్తాయి. అక్కడ బాగుచేసి, వాక్యూమ్ పంపుతో లోపలి గాలీ తేమా లాగేసి, అప్పుడు గ్యాస్ ఎక్కించాలి. ఎంతన్నది బయటి యూనిట్ మీద కంపెనీవాళ్లు అంటించిన స్టిక్కర్‌లోనే ఉంటుంది, ఏ గ్యాసో, ఎంత బరువో. అంటే కాటా పెట్టి తూచాలి.

మనింట్లో కాటా ఉండదు. సిలిండర్ తగిలిస్తాడు, గేజీ ముల్లు చూస్తాడు, ఇంకాస్త వదులుతాడు, ‘ఇప్పుడు చూడండి మేడం, కశ్మీరే!’ అంటాడు. పెట్రోలు బంకులో మీటరు సున్నా చూపిస్తే తప్ప పోయనివ్వని ఇంటాయన, రెండున్నర వేలిచ్చి ఎన్ని గ్రాములెక్కిందని అడగడు. అసలెక్కిందా అని కూడా అడగడు.

ఇంతకీ చాలా ఇళ్లలో తగ్గింది గ్యాస్ కాదు, గాలి. ఫిల్టర్ బయటికి లాగితే పొరగా ఊడొస్తుంది బూడిదరంగు దుమ్ము. అందులో పోపు జిడ్డు, అగరుబత్తి నుసి, పోయినేడాది చచ్చిన దోమలు, అమ్మాయి తల వెంట్రుకలు. జాలీ కన్నాలు మూసుకుపోతే గాలి ఆడదు. గాలి ఆడకపోతే కాయిల్ మీద తేమ మంచుగడుతుంది. మంచుగట్టాక చల్లదనం అక్కడే ఉండిపోతుంది, మంచం దాకా రాదు. మెకానిక్ గ్యాస్ పట్టేముందు మర్యాదకి ఫిల్టర్ కడిగాడు చూశారూ, కశ్మీరు వచ్చింది అందులోంచి. పేరు మాత్రం సిలిండర్‌కి.

ఇంతా చేసి ఈ యంత్రం మనుషుల కోసం పుట్టలేదు. 1902లో న్యూయార్క్ బ్రూక్లిన్‌లో ఓ ప్రింటింగ్ ప్రెస్సులో తేమకి కాగితం సాగి రంగులు పక్కకి జరిగిపోతుంటే, విల్లిస్ క్యారియర్ అనే కుర్ర ఇంజినీరు గాలిలో తేమని అదుపు చేసే ఏర్పాటొకటి చేశాడు. అంటే మొదట చల్లబడింది కాగితం. మనం తర్వాత దూరాం. దూరి, రిమోట్ మీద 18 నొక్కి, రగ్గు కప్పుకున్నాం. 2020 జనవరి నుంచి స్టార్ రేటింగున్న గది ఏసీలన్నీ ఆన్ చేయగానే 24 దగ్గర మొదలవ్వాలని నిబంధన పెట్టారు. ఒక్కో డిగ్రీ పెంచితే కరెంటు సుమారు ఆరు శాతం ఆదా అని ప్రభుత్వమే లెక్క చెప్పింది. దాంతో మన ఇళ్లలో వచ్చిన మార్పు ఏమిటంటే, రిమోట్ బటన్ ఆరుసార్లు నొక్కాల్సి వస్తోంది.

అలాగని కుర్రాడినొక్కడినే ఆడిపోసుకోవడం అన్యాయం. నాలుగో అంతస్తు బయట, కాలు మోపే జాగా లేని గోడకి యూనిట్ వేలాడదీసింది అతను కాదు. ఒక కాలు కిటికీ చట్రం మీద, ఇంకో కాలు డ్రైనేజీ పైపు మీద పెట్టి, బెల్టూ తాడూ లేకుండా ఎండలో వేలాడుతూ ఫ్లేర్ నట్లకి సబ్బు నురగ రాయమంటే, మీరైనా నేనైనా ‘గ్యాస్ తగ్గింది’ అనే అంటాం.

ఇల్లు కట్టేటప్పుడు రేపు రిపేరుకొచ్చినవాడు ఎక్కడ నిలబడతాడని ఎవరూ అడగలేదు. అడిగినవన్నీ దిక్కులే. సంపు ఈశాన్యంలో ఉండాలి, పైట్యాంకు నైరుతిలో ఉండాలి, కాబట్టి నీళ్లు ఇంటికి ఒక కొస నుంచి రెండో కొసకి ప్రదక్షిణ చేస్తూ పోవాలి. మోటారు ఎంత మూలిగితే అంత శుభం. మెయిన్ వాల్వ్ ఏ దిక్కున ఉండాలో వాస్తు పంతులుగారు చెప్పలేదు, కనక అది బీరువా వెనక్కి వెళ్లిపోయింది. గోడలో పైపు ఎటు తిరిగిందో తెలిసినవాడు ఒక్కడే, పైపు వేసిన ప్లంబరు. అతను ఒడిశావాడు. అక్కడి కేంద్రపడ జిల్లాలో పట్టముండై అనే ఊరు ప్లంబర్లకి దేశమంతటా పేరుమోసింది, ఆ పని నేర్పడానికి ప్రభుత్వ విద్యాసంస్థే ఉంది. మన దగ్గర మండలానికో ఇంజినీరింగ్ కాలేజీ పెట్టుకున్నాం, కుళాయి వాషరు మాత్రం ఆ జిల్లా నుంచి మనిషొచ్చి మార్చాలి. అతను రథయాత్రకి ఊరెళ్లాడు. బాత్రూం గోడ చెమ్మగిల్లుతోంది. టైల్స్ అతికించకముందు పైపుల ఫొటోలు నాలుగు తీసి పెట్టుకుని ఉంటే సుత్తి ఎక్కడ వేయాలో తెలిసేది. గృహప్రవేశం ఆల్బమ్ తిరగేశారు. ఆవు ఫొటోలు ఇరవై ఉన్నాయి.

సుత్తి పడ్డాక పంచాయితీ అపార్ట్‌మెంట్ అసోసియేషన్‌కి చేరుతుంది. పైవాళ్ల బాత్రూం నీళ్లు కిందివాళ్ల సీలింగులో మ్యాపు గీస్తే, ఖర్చు పైవాళ్లదా, కిందివాళ్లదా, మెయింటెనెన్స్ ఖాతాదా? ఈ ప్రశ్న మీద మూడు మీటింగులు జరుగుతాయి, ప్రతి మీటింగుకీ సమోసాలు మెయింటెనెన్స్ ఖాతాలోంచే వస్తాయి. ఈలోగా టెర్రస్ మీద ట్యాంకు పొంగుతుంటుంది. నాగార్జునసాగర్ నుంచి హైదరాబాద్ దాకా వంద కిలోమీటర్లకు పైగా, ఎత్తుకి పంపు చేసుకుంటూ తెచ్చిన కృష్ణ నీళ్లు, బాల్ వాల్వ్ పాడైన ట్యాంకు అంచు దాటి, కింద పార్కు చేసిన కారు మీద పడతాయి. కారుకి మంచిదేలే అని వాచ్‌మన్ ఓదారుస్తాడు. ఇంట్లో సెకనుకో చుక్క కారే ట్యాపు రోజుకి సుమారు 20 లీటర్లు పారబోస్తుంది. దానికి మన ఇంజినీరింగ్ పరిష్కారం కింద బకెట్ పెట్టడం.

గీజర్ కథ చిన్నది. కార్తీకమాసం చలికి గుర్తొస్తుంది, శివరాత్రికి మరిచిపోతాం. బోరు నీళ్లలో సున్నం ఎక్కువ. తాగే నీటికి కాఠిన్యం లీటరుకి 200 మిల్లీగ్రాములు దాటొద్దని, వేరే దిక్కు లేకపోతే 600 దాకా సర్దుకోవచ్చని మన జాతీయ ప్రమాణం. శివారు కాలనీల్లో చాలా బోర్లకి ఆ ప్రమాణం సంగతి తెలియదు. నీళ్లు వేడెక్కేకొద్దీ సున్నం విడివడి కాయిల్‌కి పట్టేస్తుంది. ట్యాంకు తుప్పు పట్టకుండా, తానే కరిగిపోయేలా లోపల ఒక మెగ్నీషియం కడ్డీ పెడతారు. ఏడాదికో రెండేళ్లకో విప్పి చూసి, అరిగితే మార్చాలి. కొన్న రోజున ఇచ్చిన పుస్తకంలో రాసుంటుంది. ఆ పుస్తకం, వారంటీ కార్డు, బిల్లు ఒక కవర్లో పెట్టి బీరువాలో బంగారం పక్కన భద్రం చేశాం. ఎవరూ విప్పలేదు, పుస్తకాన్నీ గీజర్‌నీ కూడా. కడ్డీ కరిగిపోయాక తుప్పు ట్యాంకుని పట్టుకుంది, ఓ పొద్దున అడుగు కారింది.

పాత సామాన్ల బండివాడు వచ్చి గీజర్‌ని రెండు చేతులా ఎత్తి ఊపాడు. లోపల గలగలమంది. ‘అంతా సున్నమేనమ్మా, అది రాలగొట్టి తూస్తా’ అన్నాడు. ఇంటావిడ ఒప్పుకోలేదు. గీజర్‌తో పాటు వచ్చిందే కదా, దానిక్కూడా కేజీ లెక్కన ఇవ్వాల్సిందే అని గేటు దగ్గర ఇంకా బేరమాడుతోంది.