పులిహోర నేత్ర సప్తసూత్రి: టీకా తాత్పర్య సహితం

అవతారిక

కాళిదాసు కావ్యాలకు టీకలు రాసిన మల్లినాథసూరి మన మెదక్ జిల్లా కొల్చారం వాడు. ఆధారం లేనిది రాయను, అక్కర లేనిది చెప్పను అని ఆయన మాట ఇచ్చి మరీ మొదలుపెట్టాడు. ఆ మాటలో మొదటి సగానికి ఈ టీకాకారుడూ కట్టుబడి ఉన్నాడు. రెండో సగానికి మాత్రం పూచీ లేదు. ఉప్పల్‌లో రిటైరైన తెలుగు పండితుడికి అక్కర లేనిది చెప్పడం మినహా వేరే కాలక్షేపమేముంది?

వ్యాఖ్యేయ గ్రంథం ఒక చీటీ. కర్త నా మేనల్లుడు, నాచారం వాస్తవ్యుడు. రచనా కాలం రోహిణి కార్తె. ఉద్యోగ శిక్షణ అంటూ బెంగళూరు బయల్దేరుతూ, ఉప్పల్ రింగురోడ్డు దగ్గర ఆటో ఆపించి, ఒక గాజుపెట్టె, ఒక సంచి, ఈ చీటీ నా చేతిలో పెట్టి పోయాడు. పెట్టెలో ఉన్నది లెపర్డ్ గెకో, అంటే చిరుతబల్లి. పసుపుపచ్చని ఒంటినిండా పోపులో చిట్లిన ఆవాల్లాంటి నల్లచుక్కలు. పులిహోర అనే పేరుకు ఇంతకు మించిన వ్యుత్పత్తి వెతకనక్కర లేదు.

మూలం

మామా, పులిహోరకు ఎడమ కన్ను బాగలేదు.
చుక్కలు పూటకొకటి. ముందుగాల సెలైన్.
ఇసుక తీసేసిన. మళ్ల పొయ్యకు.
తడి డబ్బా ఎండనియ్యకు.
వేడి ఒక్కదిక్కే ఉండాలె.
పురుగు దాని ముంగట కదలాలె.
అమ్మకు చెప్పకు.

మొదటి సూత్రం

ప్రతిపదార్థం: మామా = ఓ మేనమామా (పని పడ్డప్పుడు ఈ సంబోధనలోని దీర్ఘం మరికాస్త సాగుతుందని అనుభవజ్ఞులు); పులిహోరకు = పులిహోర అను పేరుగల చిరుతబల్లికి; ఎడమ కన్ను = వామనేత్రము; బాగలేదు = వాచి, మూతపడి, రెప్పల సందున తెల్లని గడ్డ కట్టి ఉన్నది.

శంక: బల్లికి రెప్పలెక్కడివి? ట్యూబులైటు పక్కన కాపురముండే మన గోడబల్లి జన్మలో కన్ను మూయగా చూసినవారున్నారా? సమాధానం: లేరు. గోడబల్లికి కదిలే రెప్పల్లేవు. కంటి మీద పారదర్శకమైన పొర ఒకటి ఉంటుంది, దాన్ని నాలుకతో తుడుచుకుంటుంది. చిరుతబల్లికి మాత్రం మూసి తెరిచే రెప్పలున్నాయి. అందుకే 1827లో గ్రే అనే ఆంగ్లేయుడు ఈ ప్రజాతికి యూబ్లెఫారిస్ అని, గ్రీకులో చక్కని రెప్పలది అనే అర్థం వచ్చేలా పేరు పెట్టాడు. మన పులిహోర కులానికి 1854లో మాక్యులేరియస్, అంటే చుక్కలది అనే రెండో పేరు తగిలించినవాడు కలకత్తా ఏషియాటిక్ సొసైటీ మ్యూజియం చూసుకున్న ఎడ్వర్డ్ బ్లైత్. ఇంత కీర్తి తెచ్చిన ఆ రెప్పలే ఇప్పుడు చేటు తెచ్చాయి. కుబుసం విడిచేటప్పుడు చిన్న ముక్క రెప్ప కింద ఉండిపోయినా, ఇసుక రేణువు దూరినా, బయటికి రాదు. అక్కడ ఒరిపిడి, ఒరిపిడి వెనక పుండు, పుండు వెనక సూక్ష్మజీవులు. ఆహారంలో ఎ విటమిన్ తక్కువైనా కంటికి ఇదే గతి.

ఇది పరదేశపు జీవి గదా, మనకెందుకు అనేవారికి ఒక మాట. దీని స్వస్థానం అఫ్గానిస్తాన్, పాకిస్తాన్, వాయవ్య భారతపు రాతినేలలు. కానీ దీని దాయాది ఒకటి మన తూర్పు కనుమల్లోనే ఉంది. ఆంధ్ర, ఒడిశా సరిహద్దుల్లో తిరిగే ఆ బల్లిని 2022లో జీషాన్ మీర్జా, చంద్రశేఖరుని జ్ఞానేశ్వర్ యూబ్లెఫారిస్ పిక్టస్ అని కొత్త జాతిగా లోకానికి చెప్పారు. ఒడిశాలో మరో దాయాదిని కాలకూట సాప అంటారు. పేరులోనే తప్ప ఈ వంశంలో ఎవరికీ విషం లేదు. అడవిలో ఉన్నవాటిని అడవిలోనే ఉండనివ్వాలి. పులిహోర పెంపకందారు దగ్గర గుడ్డు పగిలి పుట్టినది.

రెండో సూత్రం

ఇది గ్రంథానికి హృదయమని పామరులు అనుకుంటారు. కాదని ముందు ముందు తేలుతుంది.

శంక: పూటకొకటి అన్నాడు. పూటలెన్ని? మా ఇంట టిఫినుతో కలిపి మూడు. సమాధానం: సంచిలో దొరికిన డాక్టరు చీటీలో బి.డి. అని ఉంది, రోజుకు రెండుసార్లని వైద్య పరిభాష. మా పక్కింటాయన దాన్ని బీడీ అని చదివి, బల్లికి పొగ పడుతుందా అని అడిగాడు. పాఠాంతరంగా నమోదు చేస్తున్నాను, ఆదరించడం లేదు.

ముందుగాల అనే మాట మీద బరువుంది. మందు పడాల్సింది కంటి మీద గాని, కంటిని కప్పిన గడ్డ మీద కాదు. సరీసృపాల చీము మన చీములా కారదు, గట్టిపడి అక్కడే కూర్చుంటుంది. కాబట్టి గోరువెచ్చని సెలైన్‌తో, అంటే 0.9 శాతం ఉప్పునీటితో, రెప్పను తడిపి తడిపి మెత్తబరచాలి. వచ్చేది వస్తుంది, రానిదాన్ని డాక్టరు తీస్తారు. గోరు, పిన్ను, అగ్గిపుల్ల నిషిద్ధం. పట్టుకునే విధం చీటీలో లేదు గనుక అధ్యాహారం చేసుకోవాలి: పైనుంచి చెయ్యి దించకూడదు, దాని పూర్వీకులకు పైనుంచి వచ్చేది గద్ద. పక్కనుంచి తడిగుడ్డతో చుట్టి, అరచేతిలో నిలిపి, కంటి కొనలో చుక్క విడవాలి. తోక పట్టుకుంటే తోక మన చేతిలో మిగులుతుంది. మళ్లీ మొలుస్తుంది గాని, మొదటి తోక అందం రాదు.

ఇక పూర్వపక్షాలు. మొదటిది నా అర్ధాంగిది: ఏమండీ, నందివర్ధనం పువ్వు రసం పిండితే చలవ గదా? ఆవిడ వాత్సల్యానికి నమస్కరించి తోసిపుచ్చాను. రెండోది ఘోరమైనది, పక్కింటాయనదే: మీ శుక్లాల ఆపరేషన్ నాటి చుక్కలు ఫ్రిజ్ తలుపులో ఉన్నాయి గదా, అవి వేసేయండి. ఈ మతాన్ని గట్టిగా ఖండించాలి. ఆపరేషన్ తర్వాత ఇచ్చే చుక్కల్లో తరచుగా స్టెరాయిడ్ ఉంటుంది. కంటిపాప మీది పొరలో పుండు ఉంటే స్టెరాయిడ్ ఆ పుండును మాననివ్వదు, లోతు చేస్తుంది, కన్నే పోవచ్చు. పుండు ఉందో లేదో కళ్లజోడు సవరించుకుని చూస్తే తెలిసేది కాదు. డాక్టరు ఫ్లోరెసీన్ అనే రంగు వేసి నీలిరంగు వెలుతురులో చూస్తే, పుండు ఉన్న మేర ఆకుపచ్చగా మెరుస్తుంది. ఆ పరీక్ష అయ్యాకే మందు. మందు పేరు ఈ టీకలో ఎక్కడా లేకపోవడానికీ అదే కారణం.

డాక్టరు ఎక్కడ అని అడుగుతారు. మనుషుల కళ్లకు ఈ ఊళ్లో కొదవ లేదు: మెహిదీపట్నంలో సరోజినీదేవి, బంజారాహిల్స్‌లో ఎల్వీ ప్రసాద్. ఉప్పల్ నుంచి నాచారం దాకా పెంపుడు జంతువుల క్లినిక్ బోర్డుల మీద మాత్రం కుక్క, పిల్లి తప్ప మూడో బొమ్మ లేదు. ఒకచోట ఫోన్ చేసి బల్లిని చూస్తారా అంటే, మా గోడ మీద రోజూ చూస్తూనే ఉన్నాం సార్ అన్నారు. కాబట్టి సరీసృపాలు చూసే డాక్టరేనా అని ముందే కనుక్కుని కదలాలి. పశువైద్య కళాశాల ఉన్నది రాజేంద్రనగర్‌లో. నాగోల్, ఎల్బీనగర్, ఆరాంఘర్ మీదుగా ఆ చివరికి పోవాలి. గాలి రంధ్రాలున్న డబ్బాలో, పైన గుడ్డ కప్పి, ఎండ ముదరక ముందే.

మూడో సూత్రం

ఇసుక కంటికి చేసేదేమిటో, 2018లో మొదలై ఏళ్లకేళ్లు సాగిన నారపల్లి ఫ్లైఓవర్ పనుల కింద స్కూటర్ నడిపిన ఉప్పల్ వాసికి టీక అక్కర లేదు. ఇసుక బదులు కాగితం పరవాలి. నేను దినపత్రిక సాహిత్య పేజీ పరిచాను. పులిహోర అభిప్రాయం తెల్లారేసరికి స్పష్టంగా కనిపించింది.

నాలుగో సూత్రం

తడి డబ్బా = మూత పెట్టిన, పక్కన బెజ్జం గల ప్లాస్టిక్ డబ్బా; లోపల తడిపిన టిష్యూ కాగితం. ఐస్‌క్రీమ్ డబ్బా శ్రేష్ఠం. ఆవకాయ డబ్బా ఎన్నిసార్లు కడిగినా నిషిద్ధం, రోగి కంటివాడని మరవరాదు. ఎండనియ్యకు అనేది రోహిణి కార్తెను ఉద్దేశించిన మాట. హైదరాబాద్‌లో మే నెల గాలి వడియాలకు మంచిది, కుబుసానికి చెడ్డది. పొడిగాలిలో కుబుసం ఒక్కసారిగా ఊడిరాదు. కాలివేళ్లకు, రెప్పలకు అంటుకుపోతుంది. ఆరోగ్యంగా ఉన్న చిరుతబల్లి తన కుబుసాన్ని తానే తినేస్తుంది. పెట్టెలో కనబడలేదని వెతకవద్దు, వేళ్ల మీద, కంటి చుట్టూ మిగిలిందేమో చూడాలి. మిగిలితే గోరువెచ్చని నీళ్లలో పొట్ట తడిసేంత మేర నిలబెట్టి నానబెట్టడం తప్ప, లాగడం లేదు.

అయిదో సూత్రం

ఒక్కదిక్కే అన్నచోట ఆ ఏకారమే గ్రంథసారం. బల్లి ఒంట్లో సొంత పొయ్యి లేదు. వెచ్చగా కావాలంటే వెచ్చనిచోటికి, చల్లగా కావాలంటే చల్లనిచోటికి నడిచి పోతుంది. తిన్నది అరగాలన్నా, రోగంతో పోరాడాలన్నా, ఆ నడకకు పెట్టెలో తావుండాలి. ఒక కొస 31 నుంచి 33 డిగ్రీలు, రెండో కొస 24 నుంచి 26. చలికాలంలో ఒక కొస కింద హీట్ మ్యాట్, దానికి థర్మోస్టాట్. వేసవిలో చిక్కు తలకిందులవుతుంది. స్లాబు కింది గది మధ్యాహ్నానికి 38 దాటితే, మ్యాట్ ఆపేసి చల్లని దిక్కును మనమే కల్పించాలి. నేను పెట్టెను కింది వాటాలోకి దించి కూలర్ గదిలో, గాలి నేరుగా తగలనిచోట పెట్టాను. ఆ కూలర్ తేమ వల్ల నాలుగో సూత్రమూ సగం నెరవేరింది.

చుక్కలు హృదయం కాదన్నది ఇందుకే. సూత్రాలు ఏడైతే మందు మాట ఒక్కదాంట్లో ఉంది. తర్వాతి మూడూ పెట్టె గురించి. పెట్టె సరిచేయకుండా చుక్కలే పోసేవాడి బల్లి కన్ను తెరుస్తుంది, మళ్లీ కుబుసం వేళకు మూస్తుంది.

ఆరో సూత్రం

కదలని పురుగు దాని లెక్కలో పురుగే కాదు. చూసి, గురి పెట్టి, దూకి తినే జీవి. ఒక కన్ను మూతపడితే గురి తప్పి, కాగితాన్ని కరిచి, అవమానపడి ఊరుకుంటుంది. అప్పుడు మొద్దు కొనల చిమటాతో పురుగును పట్టి బాగున్న కంటివైపు ఆడించాలి. కొన్నాళ్లు తినకపోయినా బెంబేలు పడనక్కర లేదు, కొవ్వు తోకలో దాచుకుంటుంది. ఆ తోక సన్నబడుతుంటే మాత్రం ఊరుకోరాదు. వారానికోసారి గ్రాముల కాటా మీద తూచి రాసుకోవడం మేలు. పురుగుకు కాల్షియం పొడి అద్దాలి. అంతకు ముందు ఆ పురుగుకే మంచి తిండి పెట్టాలి. కంటికి పొన్నగంటి కూర మంచిదని మన పెద్దలు అంటారు గదా, ఆ కూర మా ఇంట్లో ఇప్పుడు మీల్‌వార్మ్‌లు తింటున్నాయి. ఎ విటమిన్ ఎక్కువైనా విషమే గనుక దాని చుక్కలు, గుళికలు డాక్టరు చెబితేనే.

ఏడో సూత్రం

అమ్మకు = చీటీ కర్త తల్లికి, అనగా మా అక్కకు. ఏమి చెప్పకు? కర్మపదం లుప్తం. ఊహించగా మూడు రహస్యాలు తేలాయి: బల్లికి జబ్బు చేసిందని, అది ఉప్పల్‌లో తమ్ముడి ఇంట ఉందని, ఇన్నాళ్లూ నాచారం ఇంటి ఫ్రిజ్‌లో, ఆవిడ పాత పోపుల డబ్బాలో ఉన్నవి జీలకర్ర కాదని.

మా అక్కకు గౌళిశాస్త్రం మీద గురి. పంచాంగం వెనక పేజీల్లో బల్లి ఏ అంగం మీద పడితే ఏ ఫలమో, ఆడవారికి వేరుగా, మగవారికి వేరుగా పట్టిక ఉంటుంది. ఫలం ఏదైనా స్నానం తప్పదంటుంది. లోకానికి శకునం చెప్పే బల్లి కుడితిలో పడ్డట్టు అని సామెత ఉండనే ఉంది. తన కన్నే కనబడని బల్లి ఎవరికేం చెబుతుందని నేను వాదించగలను. అసలు శాస్త్రం చెప్పింది బల్లి మనిషి మీద పడటం గురించి, మనిషి బల్లి మీద చుక్క పడేయడం గురించి అందులో ఒక్క గడీ లేదు. కాబట్టి స్నానం అక్కర లేదు. చేతులు మాత్రం సబ్బుతో కడుక్కోవాలి. ఇది గౌళిశాస్త్రం కాదు, సాల్మొనెల్లా. చూడ్డానికి శుభ్రంగా ఉన్న బల్లి పేగుల్లోనూ ఆ క్రిమి ఉండవచ్చు. వంటింటి సింకులో దాని గిన్నెలు కడగకూడదు, పసిపిల్లల చేతికి ఇవ్వకూడదు. మా అక్క తల మీద నీళ్లు పోసుకోమంటుంది, డాక్టరు మోచేతుల దాకా చాలంటారు.

గద్య

ఇది ఉప్పల్ పుర నివాసియు, శుక్లాల శస్త్రచికిత్సా పునర్లబ్ధ దృష్టియు నగు టీకాకారునిచే రచింపబడిన పులిహోర నేత్ర సప్తసూత్రీ వ్యాఖ్య. గ్రంథం ముగిసే నాటికి కథానాయకుడు ఎడమ కన్ను సగం తెరిచాడు, తడి డబ్బాలో కుబుసం పూర్తిగా విడిచాడు, చిమటాను కూడా ఒకసారి కరిచాడు. చుక్కలు డాక్టరు చెప్పిన గడువు దాకా సాగుతాయి.

చదువరులకు మనవి: నాచారంలో మా అక్క ఎదురైతే ఏడో సూత్రం పాటించగలరు.