మా రోజుల్లో తూటాకు లెక్క ఉండేది

ఈ మధ్య మా పామూరు చుట్టుపక్కల పెళ్లికో పంచాయితీకో పోతే, నడుముకు రివాల్వర్ దోపుకొచ్చిన మనిషి ఒకడన్నా తగులుతున్నాడు. చొక్కా కింద ఉబ్బెత్తుగా కనపడుతూనే ఉంటుంది. అందులో ఏ తూటా వేశావయ్యా అంటే "షాపోడు ఇచ్చిందే పెద్దాయనా" అంటాడు. ఎప్పుడు కొన్నావంటే గుర్తుండదు. ఆఖరుసారి ఎప్పుడు కాల్చావంటే నవ్వుతాడు. నాకు ఒళ్లు మండేది ఆ నవ్వుకే. ప్రాణం కాపాడుకోవడానికని కలెక్టరాఫీసు చుట్టూ తిరిగి లైసెన్సు తెచ్చుకున్నవాడు, ఆ ప్రాణం ఏ తూటా మీద ఆధారపడి ఉందో ఒక్కపూట కూర్చుని ఆలోచించడా?

మా నాయనకు జంటగొట్టాల ట్వెల్వ్ బోర్ ఉండేది. చేను కాపలాకని ఇచ్చిన లైసెన్సు. 1970లో ఒంగోలు జిల్లా ఏర్పడేదాకా మాది నెల్లూరు జిల్లా. రెన్యువల్ కావాలన్నా తూటాలు కావాలన్నా నెల్లూరు పోవాల్సిందే. అంత దూరం పోయి తెచ్చినదాన్ని అటక మీద పడేసేవాళ్లు కాదు. అప్పట్లో తూటా ఒళ్లంతా కాగితం గొట్టం, అడుగున ఇత్తడి టోపీ. పైన మూతగా పెట్టిన అట్టబిళ్ల మీద లోపల ఏ నంబరు గుళ్లున్నాయో అచ్చేసి ఉండేది. వానాకాలం తేమకు కాగితం ఉబ్బితే తూటా గొట్టంలో పట్టేసేది. అందుకే మా నాయన ఒక్కొక్కదాన్నీ పొడిగుడ్డతో తుడిచి, చెవి దగ్గర ఆడించి, అట్టబిళ్లను బొటనవేలితో నొక్కి చూసేవాడు. తర్వాత తుపాకీ విరిచి, మూతి నేల వైపు పెట్టిన గొట్టంలోకి తూటాను వేళ్లతో తొయ్యకుండా వదిలేవాడు. దాని బరువుకు అదే జారి కూర్చుంటేనే మంచిది. ఎక్కడన్నా ఆగిందంటే దాన్ని వేరే డబ్బాలో వేసి, పిల్లల చేతికి అందకుండా తాళం పెట్టేవాడు.

ఇక ఏ తూటా వెయ్యాలనేది ఇంకో పెద్ద ఆలోచన. రాత్రిపూట కంది చేలో అడవిపంది పడితే ఎల్.జీ. కావాలి. లావు గుళ్లు, బలంగా పోతాయి. కానీ పంది అవతల ఏముందో చూడకుండా ఎల్.జీ. కాల్చేవాడు కాదు. గట్టుకు అవతల గొర్రెల మంద తోలి ఉండొచ్చు, మంద దగ్గర కాపరి పడుకుని ఉండొచ్చు. ఇంటికి దొంగల భయం ఉన్న రోజుల్లో అయితే గొట్టాల్లోంచి ఎల్.జీ. తీసేసి చిన్న గుళ్ల తూటా పెట్టుకునేవాడు. చిన్నప్పుడు నాకది అర్థం కాలేదు. దొంగ పందికంటే ప్రమాదం కదా, వాడికి చిన్న గుళ్లేంది అని అడిగితే, సందుకు అవతల ఇల్లు చూపించాడు. పూరికొట్టం, తడికె గోడ, లోపల నేల మీద వరసగా పడుకున్న పిల్లలు. దొంగను తప్పిన ఎల్.జీ. గుండు ఆ తడికె దగ్గర ఆగదు. నాకు తెలిసిన తూటాల చదువంతా ఆ రాత్రి మొదలైంది.

1972లో వన్యప్రాణి చట్టం వచ్చాక పంది మీద కాల్చే రోజులు పోయాయి. నల్లమలలో నక్సలైట్ల దళాలు తిరిగిన కాలంలో, తుపాకీ ఉంటే దానికోసమే ఇంటికొస్తారన్న భయంతో స్టేషన్లో అప్పగించినవాళ్లున్నారు. మాదీ అట్లాగే పోయింది. అంతకుముందు ఓసారి ఎన్నికలప్పుడు అక్కడే డిపాజిట్ చేసిన ఓ పెట్టె తూటాలు, బీరువాలోకి వాన కారి, చిలుము పట్టి తిరిగొచ్చాయి. వాటిని వెనక్కి తీసుకుని పారేయించడానికి ఎన్ని సంతకాలో!

ఇప్పుడంతా పాయింట్ ముప్పైరెండు బోరు కాలం. తొమ్మిది ఎం.ఎం., పాయింట్ ముప్పైఎనిమిది, పాయింట్ నలభైఐదు మామూలు జనానికి నిషిద్ధం కాబట్టి, కాన్పూరులో చేసిన రివాల్వరో, ఇషాపూరులో చేసిన పిస్తోలో కొనుక్కుంటారు. 2014లో కాన్పూరువాళ్లు ఆడవాళ్ల హ్యాండ్‌బ్యాగులో పట్టేటట్టు అరకిలో బరువుతో నిర్భీక్ తెచ్చారు. అదీ పాయింట్ ముప్పైరెండే. ఇక్కడే జనం పొరపాటు పడుతున్నారు. రివాల్వర్ తూటా వేరు, పిస్తోలు తూటా వేరు. పేరులో నంబరు ఒకటైనంత మాత్రాన ఒకదానిది ఇంకొకదానిలో వెయ్యకూడదు. రివాల్వర్‌ది పొడుగ్గా ఉండి అడుగున అంచు బయటికొస్తుంది, పిస్తోలుది పొట్టి. పెట్టె మీద రాసిందాన్ని చదివి తీసుకోవాలి. మా ఊరి ఒకాయన రెండూ ఒకే తోలుసంచిలో కలిపి పెట్టుకోవడం నా కళ్లతో చూశాను. ఆ తోలు ఊరికే ఉంటుందా? చెమటకు తడిసి, ఇత్తడి మీద పచ్చటి చిలుము ఎక్కించింది. గుడ్డతో రుద్దితే పోతుందిలే అంటాడు. వద్దయ్యా, అవి పక్కన పెట్టి కొత్తవి వేసుకోమన్నాను. ఇంకొకాయన మెరవాలని తూటాలకు నూనె రాస్తాడు. నూనె క్యాపులోకి దిగితే గుర్రం కొట్టినా పేలదని తెలియదు.

మా అక్క మనవడు అమెరికాలో డాలస్ దగ్గర పెట్రోలు బంకు నడుపుతాడు. అక్కడి పౌరుడే. 2021 సెప్టెంబరు నుంచి టెక్సాస్‌లో అర్హత ఉన్నవాళ్లు పర్మిటు లేకుండానే పిస్తోలు వెంట పెట్టుకుని తిరగొచ్చు. వాడు ఫోన్లో నాతో గంటసేపు మాట్లాడింది తూటాల గురించే. వాళ్లు వాడేది హాలో పాయింట్, మొనలో గుంట ఉన్న గుండు. ఒంట్లోకి పోగానే పూవిచ్చుకున్నట్టు విచ్చుకుని అక్కడే ఆగాలని. అది విని ఇక్కడ కొందరు "రాక్షసపు తూటా" అంటారు. ఆ పేరు రావడానికీ కారణముంది. విచ్చుకునే గుండ్లు మన దేశంలోనే, ఇప్పుడు కలకత్తా విమానాశ్రయం ఉన్న డమ్‌డమ్‌లోని ఆయుధ కర్మాగారంలో ఇంగ్లీషువాళ్లు తయారుచేశారు. 1899లో హేగ్‌లో దేశాలు చేరి, యుద్ధంలో వాటిని వాడకూడదని ప్రకటన చేశాయి. అది సైన్యానికి పెట్టిన కట్టడి. బంకులో కౌంటరు వెనక నిలబడినవాడి సంగతి వేరు. వాడి తూటా దొంగను దాటి అవతల పాలు కొనుక్కుంటున్న ఆడమనిషికి తగలకూడదు.

అట్లాగని తొందరగా ఆగిపోయినా కష్టమే. 1986 ఏప్రిల్‌లో మయామిలో ఎఫ్‌బీఐవాళ్లకూ బ్యాంకు దొంగలకూ కాల్పులు జరిగాయి. ఒక దొంగకు తగిలిన తొమ్మిది ఎం.ఎం. బుల్లెట్ చెయ్యి దాటి ఛాతీలోకి పోయి, గుండెను చేరకుండానే ఆగింది. వాడు ఆ తర్వాత కూడా కాలుస్తూనే ఉన్నాడు. ఇద్దరు ఏజెంట్లు చనిపోయారు, ఐదుగురు గాయపడ్డారు. దాంతో ఎఫ్‌బీఐ జెలటిన్ దిమ్మెల మీద గుండ్లు కాల్చి పరీక్షించడం మొదలుపెట్టింది. గుండు దిగే లోతు 12 అంగుళాలకు తగ్గకూడదు, 18 దాటకూడదు అని లెక్క పెట్టుకుంది. మనవడు ఆ లెక్క చెబుతుంటే నాకు మా నాయన చూపించిన తడికె గోడే కళ్లలో ఆడింది.

మనకిక్కడ అంత ఎంపిక లేదు. రివాల్వర్‌కు మన సర్కారు ఫ్యాక్టరీలది, గుండ్రటి మొన ఉన్న సీసపు గుండు. అది విచ్చుకోదు. సెకనుకు సుమారు 700 అడుగుల వేగంతో పోతుంది, బలం తక్కువే అంటారు. తక్కువైతేనేం, తగలరాని చోట తగిలితే మనిషి పోతాడు. ఏ తూటా అయినా దొరికినదాంతో సరిపెట్టుకోవాల్సినప్పుడు, దాన్ని ఎక్కడ కాల్చకూడదో ముందే తెలిసుండాలి. మా కుర్రాళ్లకు తెలిసింది పెళ్లిలో గాల్లోకి కాల్చడం. 2019 సవరణతో దానికి రెండేళ్లదాకా జైలు లేదా లక్ష రూపాయలదాకా జరిమానా, లేదా రెండూ అని చట్టం రాసుకుంది. అదే సవరణలో మనిషికి మూడు తుపాకులనేదాన్ని రెండుకు తగ్గించారు, లైసెన్సు గడువు మూడేళ్ల నుంచి ఐదేళ్లు చేశారు.

ఆ ఐదేళ్ల సంగతే నాకు గొంతు దిగడం లేదు. 2016 నిబంధనల్లో ఆయుధం వాడే శిక్షణ పెట్టారు, మంచిదే. తర్వాత రెన్యువల్‌కు పోయినప్పుడు ఎవరు అడుగుతున్నారు? తుపాకీ నంబరు చూస్తారు, తూటాల లెక్క చూస్తారు, కేసులున్నాయేమో చూస్తారు. ఈ ఐదేళ్లలో ఒక్కటన్నా కాల్చి చూశావా అని అడగరు. చాలా జిల్లాల్లో పోలీసులకు ఫైరింగ్ రేంజి ఉండనే ఉంది. రెన్యువల్ రోజున పాత తూటాలు అక్కడే ఆర్మరర్ ముందు కాల్పించి ఖర్చు చేయించి, కొత్త పెట్టె తెచ్చుకున్నాకే పుస్తకం మీద ముద్ర వేస్తే ఏం పోయింది? దానికయ్యే ఖర్చు లైసెన్సుదారే పెట్టుకుంటాడు. రివాల్వర్ కొనే స్తోమత ఉన్నవాడికి అదొక బరువు కాదు.