లెక్క అందరి ముందే: ఒక స్కోరుబోర్డు ఆత్మకథ

నేను యూరోవిజన్ పాటల పోటీ స్కోరుబోర్డుని. పోటీ పుట్టిన ఏడాదికి నేను పుట్టాను. ఆ ఏడాది తేడాలోనే నా వాదనంతా ఉంది. 1956 మే 24న స్విట్జర్లాండ్‌లోని లుగానోలో మొదటి పోటీ జరిగింది. వచ్చినవి ఏడు దేశాలు. దేశానికి రెండు పాటలు, ఇద్దరు న్యాయనిర్ణేతలు. సొంత దేశం పాటకూ ఓటు వేసుకోవచ్చు. లక్సెంబర్గ్ న్యాయనిర్ణేతలు రాకపోతే వాళ్ల ఓట్లు కూడా స్విస్ వాళ్లే వేశారు. గెలిచింది స్విట్జర్లాండే, గాయని లిస్ ఆసియా. ఏ పాటకు ఎన్ని ఓట్లు పడ్డాయో ఈనాటికీ బయటపెట్టలేదు. ఆవిడ న్యాయంగానే గెలిచి ఉండొచ్చు, కానీ ఔననడానికీ కాదనడానికీ లెక్కంటూ లేదు. మరుసటి ఏడాది ఫ్రాంక్‌ఫర్ట్‌లో నన్ను నిలబెట్టారు. సొంత పాటకు ఓటు వేసుకోకూడదన్నారు. ఒక్కో దేశం జ్యూరీ ఫోన్లో ఓట్లు చెబుతుంటే, టీవీ చూస్తున్న వాళ్లందరి కళ్లముందే అవి నా మీదికెక్కాయి. ఇన్ని దశాబ్దాలు ఈ పోటీని నిలబెట్టింది పాటల గొప్పతనం కాదు, నిష్పక్షపాతం అంతకన్నా కాదు. ఊరి తగువు రచ్చబండ మీద తేల్చినట్టు, లెక్క నలుగురి ముందూ వేయడమే దీన్ని నిలబెట్టిందని నేనంటాను.

నా మీద తప్పులు పడలేదా అంటే పడ్డాయి. 1963లో లండన్‌లో నార్వే ప్రతినిధి ఓట్లు చదవడంలో తడబడ్డాడు. వ్యాఖ్యాత కేటీ బాయిల్ మళ్లీ చెప్పమంటే, చివర్లో ఫోన్ చేయండన్నాడు. చివర్లో చేస్తే అంకెలు మారిపోయి ఉన్నాయి. మొదట చదివినవే నిలిచి ఉంటే స్విట్జర్లాండ్ గెలిచేది, మారినవాటితో డెన్మార్క్ గెలిచింది. 1969లో మాడ్రిడ్‌లో స్పెయిన్, బ్రిటన్, నెదర్లాండ్స్, ఫ్రాన్స్ నాలుగూ 18 దగ్గర ఆగాయి. సమానం వస్తే ఏం చేయాలో నిబంధనల్లో లేదు కాబట్టి నలుగురూ విజేతలేనన్నారు. మరుసటి ఏడాది స్వీడన్, నార్వే, ఫిన్లాండ్, పోర్చుగల్, ఆస్ట్రియా పోటీకే రాలేదు. దాంతో సమానాన్ని విడదీసే నిబంధన పెట్టక తప్పలేదు. ఒకటి నుంచి ఎనిమిది దాకా, ఆపైన 10, 12 పాయింట్లనే పద్ధతి 1975లో వచ్చింది. 1991లో రోమ్‌లో స్వీడన్, ఫ్రాన్స్ చెరి 146తో నిలిస్తే ఎవరూ గొడవపడలేదు. ముందు 12లు లెక్కపెట్టారు, అవీ చెరి నాలుగు. తర్వాత 10లు చూశారు. స్వీడన్‌కు ఐదు, ఫ్రాన్స్‌కు రెండు. అంతటితో తేలిపోయింది. 1969 గందరగోళం ఏ గదిలోనో మూసిపెట్టి ఉంటే ఇలాంటి నిబంధన వచ్చేది కాదు.

“ఇరుగుపొరుగు దేశాలు ఒకదానికొకటి ఓట్లు పంచుకుంటుంటే నీ లెక్కకు విలువేముంది?” అన్నది నా మీద పాత ఆరోపణ. ఎస్సెమ్మెస్ ఓట్లతో పాటల పోటీలు చూసిన తెలుగువాళ్లకు ఈ తగువు కొత్తేమీ కాదు. ఆరోపణలో నిజముంది. గ్రీస్, సైప్రస్ ఒకదానికొకటి 12 ఇచ్చుకోవడం చూసి హాల్లో జనం నవ్వేస్తారు. అయితే ఆ మొగ్గు పాటను నాలుగు మెట్లు ఎక్కించగలదేమో గాని, గెలుపు దాకా ఒక్కటే మోసుకెళ్లలేదు. పోర్చుగల్‌కు సరిహద్దున్నది ఒక్క స్పెయిన్‌తోనే. 1964లో మొదటిసారి వస్తే నా మీద దానికి పడింది సున్నా. 2017లో సాల్వడోర్ సోబ్రల్ సొంత భాషలోనే పాడి 758 పాయింట్లతో గెలిచాడు. అన్ని ఓట్లు వేయడానికి పోర్చుగల్‌కు అంతమంది పొరుగువాళ్లెక్కడ? 2003 మరీ విచిత్రం. టర్కీ 167తో గెలిచింది, బెల్జియంకు 165. ఆ 167లో ఎనిమిది, టర్కీతో దశాబ్దాల వైరమున్న సైప్రస్ ఇచ్చినవి. అవి లేకపోతే టర్కీకి గెలుపే లేదు.

పైగా ఆ మొగ్గును పట్టిచ్చింది కూడా నేనే. 1997లో ఐదు దేశాలు జ్యూరీలను పక్కనబెట్టి ప్రేక్షకుల ఫోన్ ఓట్లు తీసుకున్నాయి, మిగతా దేశాలు ఆ దారే పట్టాయి. ఇరుగుపొరుగు ఓట్లు కొట్టొచ్చినట్టు కనిపించడంతో 2009 ఫైనల్లో జ్యూరీలకు సగం వాటా తిరిగి ఇచ్చారు. 2016 నుంచి రెండు లెక్కలూ విడివిడిగా చూపిస్తున్నాను. ఆ ఏడాది జ్యూరీల మొదటి ఎంపిక ఆస్ట్రేలియా, ప్రేక్షకుల మొదటి ఎంపిక రష్యా. రెండింటిలోనూ రెండో స్థానంలో ఉన్న ఉక్రెయిన్ 534తో గెలిచింది. ఎవరికీ ప్రథమం కాని పాట గెలవడమేమిటని విసుక్కున్నవాళ్లున్నారు. రెండు పక్షాలూ ఒప్పుకోగలిగిన పాట గెలిచిందని నేనంటాను.

“2022లో ఓట్లు పడింది పాటకు కాదు, యుద్ధానికి” అన్నది మరో అభ్యంతరం. యుద్ధంలో ఉండగా గెలిచిన ఉక్రెయిన్‌కు వచ్చిన 631లో 439 ప్రేక్షకులవే. జ్యూరీలు మొదట నిలిపింది బ్రిటన్ గాయకుడు సామ్ రైడర్‌ని. సానుభూతి పనిచేసిందని నేనూ ఒప్పుకుంటాను. కానీ ఎంత పనిచేసి ఉండొచ్చో అంచనా వేసే వీలు ఎక్కణ్నుంచి వచ్చింది? రెండు లెక్కలూ పక్కపక్కన ఉండబట్టే కదా! 1993లో ముట్టడిలో ఉన్న సారాయేవో నుంచి గరగరమంటున్న ఫోన్ లైన్లో బోస్నియా జ్యూరీ గొంతు వినిపిస్తే ఐర్లాండ్‌లోని మిల్‌స్ట్రీట్ హాలు చప్పట్లతో మారుమోగింది. రాజకీయం ఈ పోటీలోకి కొత్తగా వచ్చింది కాదు.

నాకు నిజంగా ఇబ్బంది కలిగించే అభ్యంతరం వేరే ఉంది. అదే 2022లో ఆరు దేశాల జ్యూరీల ఓట్లు అనుమానాస్పదంగా ఉన్నాయని నిర్వాహకులు వాటిని పక్కనబెట్టారు. వాటి స్థానంలో వేరే దేశాల ఓట్ల ఆధారంగా లెక్కగట్టిన అంకెలు వేశారు. అంటే ఆ దేశాల పేరిట నా మీద పడ్డ పాయింట్లు వాళ్ల జ్యూరీలు ఇచ్చినవి కావు. నా వాదనకు ఇది దెబ్బే. బహిరంగంగా ఉన్నంత మాత్రాన అంకె నిజం కాదు, దాని పుట్టుక కూడా బహిరంగంగా ఉండాలి. అలాగే పాట గొప్పతనం కొలిచేది నేనే అని కూడా చెప్పుకోను. 1974లో బ్రైటన్‌లో ఆబా బృందం ‘వాటర్‌లూ’ గెలిచినప్పుడు ఆతిథ్యమిచ్చిన బ్రిటన్ జ్యూరీ దానికి ఇచ్చింది సున్నా. ఆ పాట విలువ ఆ సున్నాలోనూ లేదు, గెలుపు తెచ్చిన 24లోనూ లేదు. ఆ రాత్రి ఎవరు ఎవరికి ఓటు వేశారన్నదే నేను చెప్పగలను.

నన్ను తీసేసి, పండితులు తలుపులు మూసుకుని తేల్చి విజేత పేరొక్కటే ప్రకటిస్తే హుందాగా ఉంటుందనేవాళ్లకు నా జవాబు లుగానోయే. ఇరుగుపొరుగు పంపకం, సానుభూతి ఓటు, జ్యూరీల అనుమానాస్పద ఓట్లు: నా మీది ఈ ఆరోపణలన్నింటికీ సాక్ష్యం అంకెల్లోనే దొరికింది. 1956 ఫలితం మీద అలాంటి ఆరోపణ చేసి నెగ్గుకురాగలవాళ్లు లేరు, దాన్ని సమర్థించి నెగ్గుకురాగలవాళ్లూ లేరు. తప్పు పట్టుకోవడానికి వీలున్న లెక్కే దిద్దుకోవడానికీ వీలున్న లెక్క.